ఎర్రమూత్రం పోస్తున్న ఆవుకు మందు కంటే ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మాది చింతూరు మండలంలో శబరి ఒడ్డున ఉన్న కోయగూడెం. నిరుడు మైదాన ప్రాంతం నుంచి తెచ్చిన జెర్సీ సంకర ఆవు మూడు రోజులుగా మేత ముట్టడం లేదు, కాఫీ డికాక్షన్ రంగులో మూత్రం పోస్తోంది. జ్వరం 105 డిగ్రీలు ఉంది. ఒంటినిండా పిడుదులు ఉన్నాయి. సంతలో కొన్న జ్వరం ఇంజక్షన్ వేయించినా తగ్గలేదు. అదే పాకలో కట్టిన మోటు అనే నాటు జాతి ఎద్దులకు మాత్రం ఏమీ కాలేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది పిడుదుల (గోమార్ల) వల్ల సోకే బెబీసియోసిస్ అయ్యే అవకాశం ఎక్కువ. పిడుదు లాలాజలంతో పశువు ఒంట్లోకి చేరే బెబీసియా అనే పరాన్నజీవి ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. అలా పగిలిన కణాల్లోని హిమోగ్లోబిన్ మూత్రంలో కలవడం వల్లనే ఆ రంగు వస్తుంది. ఈనిన కొద్ది వారాలకు భాస్వరం లోపించిన పశువులు కూడా ఎర్రగా పోస్తాయి గానీ, వాటికి సాధారణంగా జ్వరం ఉండదు.

ఇక ఆలస్యం చేయకండి. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. డాక్టరు గారు వచ్చేవరకు మరే ఇంజక్షనూ వేయించవద్దని మరీ మరీ కోరుతున్నాను. పిడుదులు, జోరీగలు మోసుకొచ్చే రక్తవ్యాధులు బయటికి ఒకదానిని పోలి ఒకటి కనిపించినా, వాటి మందులు వేరు. బెబీసియాకు డిమినజీన్, థైలీరియాకు బుపార్వాక్వోన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు. జోరీగల వల్ల వచ్చే సర్రాకు క్వినాపైరమిన్ వంటివి వాడతారు. భుజం ముందున్న గ్రంథి నిమ్మకాయంత ఉబ్బితే థైలీరియాను అనుమానించాలి. పశువు గుండ్రంగా తిరుగుతూ తలను గోడకు ఆనిస్తుంటే సర్రా కావచ్చు. అయినా అంచనా కంటే పరీక్షే నమ్మదగినది. చెవి అంచున సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక కొసన పెట్టి, మరో పలక అంచుతో ఒక్క ఊపున పలుచగా లాగి ఆరనిస్తే చాలు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, ఎర్రకణం లోపల జంటగా ఉన్న బేరిపండు ఆకారాలు కనిపిస్తే అది బెబీసియానే. మందు పడ్డాక తీసిన రక్తంలో అవి కనిపించకపోవచ్చు కనుక నమూనా ముందే తీయాలి. అంతవరకు ఆవును నీడన ఉంచి, నీళ్లు, పచ్చిమేత దగ్గర పెట్టండి. రక్తం బాగా తగ్గిపోయిన పశువును నడిపిస్తే కూలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆసుపత్రికి తోలుకెళ్లకండి.

ఎద్దుల సంగతికి వస్తే, అవి దూడలుగా ఉన్నప్పుడే, తల్లి జున్నుపాల రక్షణ ఇంకా ఒంట్లో ఉండగానే, ఈ క్రిములను ఎదుర్కొని తట్టుకొని ఉంటాయి. శబరి, సీలేరు నదులు కలిసే మోటు ప్రాంతం పేరుతోనే పిలిచే ఈ పొట్టి పశువులు తరతరాలుగా అడవి పిడుదుల మధ్యే బతికాయి. అలాగని వాటి నెత్తురు శుభ్రంగా ఉందని అనుకోకండి. క్రిమి అణగి ఉండి, వాటిపై వాలిన పిడుదు ద్వారా మీ సంకర ఆవుకు చేరవచ్చు. దుక్కుల కాలంలో మేత తక్కువై, పని ఎక్కువైతే ఆ ఎద్దులకే జబ్బు తిరగబెట్టవచ్చు. పశువైద్యుడు అందుబాటులో లేని గూడేలకు సంకరజాతి ఆవులను తేవడం కంటే మోటు పశువులనే బాగా మేపుకోవడం మేలని నా అభిప్రాయం.

పిడుదులను చేత్తో నలపకండి, కొన్ని జ్వరాలు వాటి ద్వారా మనుషులకూ సోకుతాయి. అమిట్రాజ్ 12.5 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి, పాకలోని పశువులన్నిటికీ ఒకే రోజున చెవుల లోపలి అంచులు, గంగడోలు, పొదుగు పక్కలు, తోక కింద తడిసేలా చల్లండి. నీరసంగా ఉన్న ఈ ఆవుకు మాత్రం డాక్టరు గారు చెప్పాకే చల్లండి. పిడుదు కిందికి రాలి గోడ పగుళ్లలోనూ పేడ కింద చెత్తలోనూ వేలకొద్దీ గుడ్లు పెడుతుంది కనుక, పగుళ్లను మట్టితో మెత్తి, మూడు వారాలకు మందు మళ్లీ చల్లండి. మందు కలిపిన బకెట్టును మీరు తాగునీరు తెచ్చుకునే వాగులో కడగవద్దు. ఆ నీళ్లను వాగుకూ బావికీ దూరంగా గుంట తీసి పోయండి.