సఫారీ గైడ్ అవుదామనుకుంటే ముందు రివర్స్ గేర్ నేర్చుకోండి

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. ఐటీ ఉద్యోగం మానేసి దక్షిణాఫ్రికాలో సఫారీ గైడ్ అవ్వాలనుంది. జువాలజీ డిగ్రీ ఉండాలా? ఏ కోర్సు చేయాలి? ఇప్పుడే బైనాక్యులర్ కొనుక్కోవాలంటే ఏది కొనాలి?

డిగ్రీ అక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా నాకిష్టమొచ్చినట్టు చెప్పుకోవచ్చు.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కుకి పడమటి అంచున, కంచె లేకుండా పార్కుతో కలిసిపోయిన ప్రైవేటు రిజర్వులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకచోట ట్రైనింగ్ అయ్యాను, తర్వాత దగ్గర్లోనే ఇంకో లాడ్జిలో నాలుగేళ్లు గైడ్‌గా చేశాను. అంతకు ముందు మీలాగే కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణే.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. అక్కడ అందరూ చూసేది ఫగాసా సర్టిఫికెట్, అంటే ఫీల్డ్ గైడ్స్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఆఫ్రికా. 1990 నుంచి ఉన్న సంస్థ. మూడు మెట్లు: అప్రెంటిస్ ఫీల్డ్ గైడ్, ఫీల్డ్ గైడ్, ప్రొఫెషనల్ ఫీల్డ్ గైడ్. పాతకాపులు ఇప్పటికీ లెవెల్ వన్, టూ, త్రీ అనే అంటారు. మొదటి మెట్టుకి అడవిలోనే ఉండి చేసే కోర్సు రెండు నెలల దగ్గర పడుతుంది. థియరీ పరీక్షలో 75 శాతం రావాలి, ఆ తర్వాత బండి తోలుతూ గైడ్ చేసి చూపించే ప్రాక్టికల్, వీటితోపాటు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్. నడిపిస్తూ అడవి చూపించాలంటే అది ట్రైల్స్ గైడ్ అని వేరే అర్హత. దానికి రైఫిల్ పరీక్ష ఉంటుంది, ఎన్ని గంటలు నడిచారో, ప్రమాదకరమైన జంతువులకు ఎన్నిసార్లు ఎదురుపడ్డారో లాగ్‌బుక్‌లో రాసుకోవాలి.

కోర్సు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేయని సంగతి ఒకటి ఉంది. ఫగాసా కార్డు లైసెన్సు కాదు. అక్కడి 2014 టూరిజం చట్టం ప్రకారం మీరు పని చేసే ప్రావిన్సు (మన రాష్ట్రం లాంటిది) రిజిస్ట్రార్ దగ్గర టూరిస్ట్ గైడ్‌గా నమోదు కాకుండా డబ్బు తీసుకుని గైడ్ చేయకూడదు. జనాన్ని ఎక్కించుకుని తిప్పాలంటే ప్రొఫెషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. మీరు విదేశీయులు కాబట్టి పని చేసే అనుమతి లేకుండా ఆ నమోదే జరగదు. నాతో కోర్సు చేసిన విదేశీయుల్లో చాలామంది సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని వెనక్కి వెళ్లిపోయారు. నాకు లాడ్జి ఉద్యోగం ఇస్తానన్నాక కూడా వీసా కాగితాలు తిరగడానికి కోర్సుకి పట్టినదానికన్నా ఎక్కువ కాలం పట్టింది. ‘ఉద్యోగం గ్యారంటీ’ అని రాసిన ఒక ట్రైనింగ్ కంపెనీకి ముందు ఫోన్ చేశాను. వీసా ఎవరు చూస్తారని అడిగితే ఫోన్ పెట్టేశారు. మీరూ మొదటి ఫోన్‌లోనే అది అడగండి, చాలా డబ్బు మిగులుతుంది.

ఇక నేను చెప్పాలనుకున్నది. థియరీ గురించి భయపడకండి. రాళ్లు, మేఘాలు, గడ్డి రకాలు, చెట్లు, పురుగులు, కప్పలు, పాములు, పక్షులు, జంతువుల ప్రవర్తన, నక్షత్రాలు, ఆ నేల మీద పూర్వం బతికిన మనుషులు, ఇలా సిలబస్ పెద్దదే. కానీ బట్టీ పట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు. నాకు 93 వచ్చాయి. ఆ అంకె ఇంకా గుర్తుందంటే ఎంత పొంగిపోయానో చూసుకోండి. ప్రాక్టికల్‌లో ఫెయిలయ్యాను.

ఆ రోజు పొద్దున ఐదున్నరకి బయల్దేరాం. వెనక మెట్ల సీట్లలో తోటి విద్యార్థులు నలుగురు, టూరిస్టుల్లా నటించడం వాళ్ల పని. నా పక్కన అసెసర్. అరవై దాటిన మనిషి, మోకాలి మీద చిన్న నోట్‌బుక్, చేతిలో పెన్సిలు. మంచీ చెడూ ఏమీ అనడు. ఆయన ఏదైనా రాస్తే నాకు గుండె జారేది, అందుకని రాయడానికి సందివ్వకుండా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఎండ ముదిరితే మోపానే చెట్టు ఆకు రెండు రెక్కలూ ఎందుకు ముడుచుకుంటుందో చెప్పాను. హైనా పెంట ఎండితే ఎందుకు తెల్లబడుతుందో చెప్పాను (ఎముకలు నమిలి తింటుంది, అదంతా కాల్షియం). మన పసులపోలిగాడికి చుట్టమైన డ్రాంగో పిట్ట వేరే జంతువుల హెచ్చరిక కూతలు కూసి, అవి బెదిరి పారిపోతే వాటి తిండి ఎలా ఎత్తుకుపోతుందో చెప్పాను. వెనక ఒకమ్మాయి నిజంగానే నిద్రపోయింది. నటన అనుకున్నాను.

ఒకచోట దారి ఎండిన వాగులోకి దిగుతుంది. రెండు వైపులా మనిషెత్తు మట్టి గట్లు. ఇసుకలో చిరుత అడుగు, అప్పుడే అచ్చు గుద్దినట్టుంది. నాకు పండగ. బండి అక్కడే ఆపేశాను, ముందు చక్రాలు ఇసుకలో, వెనక చక్రాలు ఇంకా దిగుడులో. ఇంజిన్ కట్టేశాను. వెనక మెత్త కింది అంచున మూడు గుండ్రాలున్నాయి చూడండి, గోళ్ల గుర్తు లేదు చూడండి, హైనా అయితే గోళ్లు పడేవి, అంటూ మొదలుపెట్టాను.

అప్పుడు వాసన వచ్చింది. ఘాటుగా, ముక్కు అదిరేలా. నేనేం చేశానో తెలుసా? ఆ వాసన మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. ‘ఇది మదం వాసన. మదం పట్టిన మగ ఏనుగులో టెస్టోస్టెరాన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కణతల దగ్గర తడి ఉంటే మదం అనుకుంటారు కానీ అది సరిపోదు, ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికి కూడా కణతలు కారతాయి. మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది, వెనక కాళ్ల లోపలివైపు నల్లగా తడిసి ఉంటే, అప్పుడు మాత్రం...’

‘అలాంటి కాళ్లేనా?’ అన్నాడు వెనక నుంచి ఒకడు.

వాగు వంపు తిరిగే చోట, అలాంటి కాళ్లే. వాటి మీద ఏనుగు. తల ఎత్తిపెట్టి, ఊపుకుంటూ, తొందరేమీ లేకుండా మా వైపే వస్తోంది.

బండి స్టార్ట్ చేశాను. రివర్స్ వేశాననే అనుకున్నాను. బండి ఒక్క దూకు ముందుకి, అంటే ఏనుగు వైపుకి దూకి ఆగిపోయింది. అసెసర్ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. నాకు అదే ఎక్కువ భయమేసింది. ‘నెమ్మదిగా, మళ్లీ వెయ్యి’ అన్నాడు, అన్నం పెట్టినంత మామూలుగా. ఈసారి రివర్స్ పడింది. కానీ ఎలా వెళ్లాలి? ఆ బండ్లలో వెనక సీట్లు మెట్లుమెట్లుగా ఎత్తుకి పోతాయి. తల తిప్పి చూస్తే కనబడేవి నాలుగు జతల మోకాళ్లు, దారి కాదు. ఎగువకి, వంపు తిప్పుతూ, అద్దాలు చూసుకుంటూ రావాలి. నేను అద్దాలు చూడలేదు, ఏనుగునే చూస్తున్నాను. బండి గట్టెక్కి, ఎడమ వైపున్న ముళ్లపొదలో వెనక భాగమంతా దిగబడి ఆగింది. నిద్రపోయిన అమ్మాయికి మెలకువ వచ్చింది.

ఏనుగు దిగుడు కింద, మేం అంతకుముందు నిలబడ్డ చోటే ఆగింది. చెవులు చాచి, తల ఒక్కసారి విదిలిస్తే, ఆ చెవులు ఒంటికి తగిలిన చప్పుడు తడి దుప్పటి బండకేసి కొట్టినట్టు వినిపించింది. కాసేపు మమ్మల్ని చూసింది. గట్టు మీది కొమ్మ ఒకటి విరిచింది, తినలేదు, పడేసింది. తర్వాత నేను అంతగా వర్ణించిన చిరుత అడుగు మీద తన అడుగు వేసి, వాగు దాటి వెళ్లిపోయింది. మొత్తం మూడు నిమిషాలు ఉంటుందేమో. నా చొక్కా మాత్రం నీళ్లలో ముంచి తీసినట్టుంది.

అసెసర్ అడిగినవి మూడే ప్రశ్నలు.

‘వాసన ఎటు నుంచి వచ్చింది?’

‘ముందు నుంచి.’

‘అంటే గాలి?’

‘మన వైపుకి.’ చెబుతుంటేనే అర్థమైంది. గాలి మా వైపుకి వీస్తోందంటే మా వాసన దానికి అందదు, మేమున్నట్టు దానికి తెలియదు. ఎదురుగా ఏనుగుందని దాని వాసన నాకు ముందే చెప్పింది, నేను వినకుండా పాఠం చెప్పాను.

‘బండి ఆపినప్పుడు నీ దారి ఎటు అనుకున్నావు?’

దానికి నా దగ్గర జవాబు లేదు. చెవి మీది పెన్సిలు తీసి ఒక్క గీత గీశాడు.

ఆ తర్వాత మా ట్రైనర్ నన్ను వారం రోజులు రివర్స్‌లోనే తిప్పాడు. ముందుకి వెళ్లడమే లేదు. క్యాంపు నుంచి నీటి గుంట దాకా వెనక్కి, అక్కడి నుంచి క్యాంపుకి కూడా వెనక్కి. వంటగదిలో వాళ్లు నన్ను పీత అని పిలిచేవాళ్లు. రెండోసారి అసెస్‌మెంట్‌లో మాకు కనబడినవి ఇంపాలా జింకలు, ఒక తాబేలు, పెంట ఉండ దొర్లించుకుపోతున్న పేడపురుగు. మూడున్నర గంటల్లో నేను మాట్లాడింది గంట కూడా ఉండదు. పాసయ్యాను. సింహం చూపిస్తేనే పాస్ చేస్తారనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సింహం అంటే గుర్తొచ్చింది. నాలుగేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ‘సింహం ఎప్పుడొస్తుంది?’ అది రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువు. దొరికిందే అనుకోండి, చెట్టు నీడలో పొట్ట పైకి పెట్టి పడుకుని ఉంటుంది, మనవాళ్లు రెండు నిమిషాలు ఫోటోలు తీసి ‘లేపడం కుదరదా’ అని అడుగుతారు. అవునండీ, నిజంగా అడుగుతారు. టీవీలో చూపించే నలభై నిమిషాల వేట వెనక ఎన్ని నెలల కాపలా ఉందో ఆ కార్యక్రమాల్లో చెప్పరు, అది మా నెత్తి మీదకొస్తుంది. కెమెరా లెన్సు పొడవుని బట్టి తమకి ఎక్కువ హక్కుందనుకునేవాళ్లు ఇంకో రకం. వాళ్ల గురించి రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలేస్తున్నాను.

మీరు అడగలేదు కానీ, ఫగాసా తర్వాత ఒక్క పరీక్ష రాయాలంటే సైబర్‌ట్రాకర్ వాళ్ల అడుగుజాడల పరీక్ష రాయండి. రాయడం అన్నాను కానీ అందులో కాగితం ఉండదు. లూయిస్ లీబెన్‌బర్గ్ అనే ఆయన మొదలుపెట్టింది. చదువు రాకపోయినా అడవి చదవగలిగిన ట్రాకర్లకి కూడా గుర్తింపు దక్కేలా పెట్టిన పద్ధతి. పరీక్ష పెట్టేవాడు నేల మీద ఒక గుర్తు చుట్టూ గీత గీసి ‘ఎవరిది?’ అంటాడు. మార్కులు వేయడంలో చిన్న కిటుకుంది. సులువైన ప్రశ్నకి సరిగ్గా చెబితే ఒక మార్కు, తప్పు చెబితే మూడు పోతాయి. బాగా కష్టమైనదానికి సరిగ్గా చెబితే మూడు, తప్పితే ఒక్కటే పోతుంది. నేను చిరుతకి మార్కులు తెచ్చుకుని ముంగిస దగ్గర పోగొట్టుకున్నాను. నా బండి ముందు సీట్లో కూర్చునే ట్రాకర్ బడికి వెళ్లింది మూడేళ్లే. ఆయన ఆ పరీక్షలో ఒక్కటంటే ఒక్కటి తప్పాడు, అది కూడా పరీక్ష పెట్టినవాడిదే తప్పని ఇప్పటికీ వాదిస్తాడు. నాకు ఆయన మాటే నిజమనిపిస్తుంది. కానీ జీతం నాకే ఎక్కువ వచ్చేది, ఇంగ్లీషు మాట్లాడతానని. దీని మీద వేరే జవాబు రాయొచ్చు, రాస్తే చాలామందికి నచ్చదు.

ఉద్యోగం ఎలా ఉంటుందంటే, చాలా లాడ్జిల్లో ఆరు వారాలు పని, రెండు వారాలు సెలవు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి అతిథుల గది తలుపులు తట్టడం మీ పనే. పొద్దున డ్రైవ్, సాయంత్రం డ్రైవ్, మధ్యలో బండి కడగడం, పంక్చర్ వేయడం, సామాన్లు మోయడం. రాత్రి భోజనం అతిథులతో కూర్చుని తినాలి, పొద్దున చెప్పిన కథే కొత్తవాళ్లకి మళ్లీ కొత్తగా చెప్పాలి. మనుషులంటే విసుగొచ్చి అడవికి పోదామనుకుంటున్నారా? అయితే ఈ ఉద్యోగం వద్దు. ఆ నాలుగేళ్లలో నేను చూసినంత మందిని ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు.

రైఫిల్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. ప్రమాదకరమైన జంతువులున్న చోట నడిపించాలంటే పాయింట్ 375 లేదా అంతకన్నా పెద్ద క్యాలిబర్ వాడతారు. పరీక్షలో బండి మీద బిగించిన సింహం బొమ్మని మీ మీదకి వేగంగా లాగుతారు, దాన్ని ఆపాలి. భుజం కమిలిపోతుంది. పరీక్షలో తప్ప నేను ఎప్పుడూ కాల్చలేదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. గేర్లున్న పెద్ద బండి ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి, వెనక అద్దానికి గుడ్డ కట్టండి, ఖాళీ మైదానంలో పక్క అద్దాలు మాత్రమే చూసుకుంటూ వెనక్కి తోలడం నేర్చుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఏదో ఒకటి అడుగుతూ ఉండమనండి.

బైనాక్యులర్ అడిగారు కదా. 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 10 రెట్లది చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ ఇంజిన్ వణుకుకి చేతిలో బొమ్మ నిలవదు. మెడ పట్టీ తీసేసి భుజాల మీదుగా వచ్చే పట్టీ వేయించుకోండి, లేకపోతే గతుకుల్లో రోజంతా రొమ్ము మీద కొట్టుకుంటూ ఉంటుంది.