ఎంజీబీ వెనకభాగం ఒరిగిందా?

ప్రశ్న: మాది 1972 నాటి ఎంజీబీ జీటీ (పైకప్పు ఉన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు). వెనక కుడివైపు ఎడమకంటే రెండు వేళ్ల మందం కిందికి దిగింది. షాక్ అబ్జార్బర్లు మారిస్తే లేస్తుందా? పాత కమాను కట్టలకే (లీఫ్ స్ప్రింగులకే) వంపు పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, లీసెస్టర్

జవాబు: లేవదు. ఆ మీట (లివర్) రకం షాక్ అబ్జార్బర్లు కుదుపును అణుస్తాయే గానీ బరువు మోయవు. మోసేది కమాను కట్టలే.

అయితే ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. జాకీని ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య ఉండే అడ్డదూలం) నడిమధ్య పెట్టి, ముందు చక్రాలు రెండూ నేల వదిలేదాకా లేపండి (కిందకి దూరకండి). ఒరుగుడు పోయిందంటే దోషం ముందు స్ప్రింగులది. అలాగే ఉంటే వెనకదే. స్టీరింగ్ కుడివైపున్న కార్లలో చాలాకాలం డ్రైవర్ ఒక్కడే కూర్చుంటాడు కాబట్టి కుడి కట్ట ముందుగా అలసిపోవడం మామూలే. కట్ట చదునుగా ఉంటే కంగారు లేదు. గొడుగులా నడుమ పైకి లేచి కొనలు వాలితే దాని పని అయిపోయినట్టే.

వంపు పెట్టించడం దండగ. సుత్తితో కొట్టిన వంపు నిలవదు, గ్యాస్‌తో కాలిస్తే ఉక్కు పదును పోతుంది. కొత్తవి జతగా వేయండి, అవీ క్రోమ్ బంపర్ జీటీకి చెందినవే. 1974 చివర్లో వచ్చిన రబ్బరు బంపర్ కార్ల కట్టలు వేస్తే వెనక ఎత్తుగా నిలబడుతుంది.

బాడీని స్టాండ్ల మీద, ఇరుసును జాకీ మీద నిలిపి, షాక్ లింకు (షాక్ అబ్జార్బర్‌ను ఇరుసుకు కలిపేది), తర్వాత కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల నట్లు, వెనక షాకిల్ (కట్ట వెనక కొనను బాడీకి కలిపే ఊగే పట్టీ) విప్పండి. కట్ట ముందు కొన కంటిలో దూరే బోల్టే సతాయిస్తుంది: బుష్ (కంటిలోని రబ్బరు తొడుగు) లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. ముందురోజే నూనె పట్టించండి, రాకపోతే కోయడమే. ఆ బోల్టును పట్టుకునే బ్రాకెట్ చుట్టూ రేకు తుప్పు తిని ఉంటే ముందు వెల్డింగ్ చేయించాలి. కట్టకు నాలుగు షాకిల్ రబ్బర్లు, కట్టకూ ఇరుసుకూ మధ్య బిగించే రెండు ప్యాడ్లు కొత్తవి తెచ్చుకోండి. స్పానర్లు అంగుళాలవి.

బిగించేటప్పుడు కట్ట ఆకుల్ని కలిపి పట్టే సెంటర్ బోల్టు తల దాని గుంటలో కూర్చోవాలి. లేకపోతే ఇరుసు వంకరగా నిలిచి కారు పక్కకు లాగుతుంది. కంటి బోల్టునూ షాకిల్‌నూ చివరిగా బిగించేది చక్రాలు నేలమీద ఆనాకే. గాలిలో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కొత్త కట్టలు మొదట కాస్త ఎత్తుగా ఉంటాయి; కొన్ని వందల మైళ్లు తిరిగాక కొలిచి, యూ బోల్టులు మళ్లీ బిగించండి.