గూడెం చిరునామా రాసేటప్పుడు

చిరంజీవి భవానికి పెదనాన్న ఆశీస్సులు.

పాడేరు కొండల్లో బడి పంతులమ్మవయ్యావు, సంతోషం. గూడెం పిన్‌కోడ్, వివరాలు ఒక కాగితం మీద రాసి బళ్లో అంటించాలంటున్నావు. అక్కడి దారుల్లోనే ఇరవయ్యేళ్లకు పైగా తపాలా సంచి మోసినవాణ్ణి, నాకు తోచింది చెబుతాను.

పిన్‌కోడ్ ఊరిది కాదమ్మా, ఉత్తరాలు బట్వాడా చేసే పోస్టాఫీసుది. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచీ అంతే. ఒక్క నంబరు కింద ఎన్నో ఊళ్లుంటాయి. పైగా మన్యంలో ఒకే పేరుతో మూడు మండలాల్లో మూడు గూడేలు కనిపిస్తాయి. కాబట్టి ఫోనులో ఊరి పేరు కొట్టి వచ్చిన నంబరు రాసెయ్యకు. గూడెంలో ఎవరింట్లోనైనా చూరులో దోపిన పాత రిజిస్టర్డ్ కవరు అడుగు. పొగచూరి, అంచులు చిరిగి ఉన్నా ఫరవాలేదు. వెనకవైపు గుండ్రటి ముద్రలో బ్రాంచి పోస్టాఫీసు పేరు చదువు. దానికి సంచి ఏ సబ్ పోస్టాఫీసు నుంచి వస్తుందో అడిగితే పిన్ తేలిపోతుంది.

ఇంకో తిరకాసుంది. 2011 జనాభా లెక్కల్లో ఊళ్లకిచ్చిన కోడ్ కూడా ఆరంకెలే. ఒక కుర్రవాడి దరఖాస్తులో ఎవరో పిన్‌కోడ్ గడిలో దాన్ని రాశారు. మన పిన్‌కోడ్‌ల్లాగే అదీ 5తోనే మొదలైంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటర్వ్యూ ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి, తేదీ దాటాక నా సంచిలోకి వచ్చింది. దాన్ని ఆ పిల్లవాడి చేతిలో పెట్టడానికి నాకు ముఖం చెల్లలేదు.

జిల్లా పేరు చూసి తికమకపడకు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది, పాత కాగితాల్లో మాత్రం విశాఖపట్నమే. పాడేరు పిన్ అప్పుడూ ఇప్పుడూ 531024. చింతూరు సంగతి ఇంకా తమాషా. ఖమ్మం నుంచి 2014లో తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి జిల్లాకు, 2025 చివర్లో పోలవరం జిల్లాకు మారింది, పిన్ ఇంకా ఖమ్మం వైపు అంకెలతోనే 507126.

చిరునామాలో మనిషి పేరు పక్కన తండ్రి పేరు తప్పక రాయించు. సగం ఇళ్లు పాంగి, కొర్రా, వంతాల అయినప్పుడు ఇంటిపేరుతో మనిషి దొరకడు.

దూరం కిలోమీటర్లలో రాస్తే కొండమీద పనికిరాదు. బస్సు ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి నడక ఎన్ని గంటలు, వానాకాలంలో ఏ గెడ్డ (కొండవాగు) పొంగితే దారి మూసుకుపోతుంది, ఫోను సిగ్నల్ ఏ మలుపులో అందుతుంది, సంత ఏ వారం? ఇవి రాయి. అర్ధరాత్రి పురుటినొప్పులు వస్తే జీపువాడు అడిగేవి ఇవే. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది, సుమారు నాలుగేసి మీటర్ల గడికి అక్షరాలూ అంకెలూ కలిపి పదింటి కోడ్. ఇంటి నంబర్లు లేనిచోట బాగానే ఉంటుంది, అదీ రాసి పెట్టు. గెడ్డ పొంగిందని మాత్రం అది చెప్పదు.

అంటించే ముందు ఆ చిరునామాకే నీ పేరున ఒక కార్డు రాసి, పాడేరులో డబ్బాలో వెయ్యి. ఎన్నో రోజుకు అందిందో నాకు చెప్పు.

పెదనాన్న