నాన్నగారి టీవీ, నీ ఫోన్, మధ్యలో అమ్మ

ముందు, నాకొచ్చిన ఉత్తరంలో ఏముందో చెప్తాను, పేరు వద్దన్నాడు కాబట్టి పేరు లేదు. రాసిన అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్ళు, నాన్నగారు రిటైరయ్యారు. ఈ మధ్య ఉగ్రదాడి జరిగిన రోజు నుంచీ ఆయన టీవీ ముందు నుంచి లేవట్లేదు, అర్ధరాత్రి దాకా డిబేట్లే, మధ్యలో ఎవరన్నా పలకరిస్తే కసురుకుంటున్నారు. మూడోరోజు "దాడి చేసింది వీడే, అందరికీ పంపండి" అని ఎవరో కుర్రాడి ఫోటో అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చుట్టాల గ్రూపులోనూ పెట్టారు. అది ఎప్పటిదో పాత ఫోటో, ఆ కుర్రాడికీ దాడికీ సంబంధమే లేదు. మనవాడు వెంటనే చుట్టాల గ్రూపులోనే ఫ్యాక్ట్‌చెక్ లింకు పెట్టి, కింద "వాట్సాప్ యూనివర్సిటీ గోల్డ్ మెడలిస్ట్" అని రాసి నవ్వే ఎమోజీలు పెట్టాడు. మేనత్త కొడుకులు కూడా నవ్వారు. నాన్నగారు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, అప్పట్నుంచీ తండ్రీకొడుకులకి మాటల్లేవు, ఏం కావాలన్నా అమ్మ ద్వారానే. దానికి తోడు ఇతని చిన్నప్పటి ఫ్రెండు ఒకతను ముస్లిం, ఇంట్లో మనిషిలా తిరిగేవాడు, "కొన్నాళ్ళు వాణ్ణి ఇంటికి తీసుకురాకు" అన్నారట నాన్నగారు. "మీడియా అంతా అమ్ముడుపోయింది మేడమ్, నేను ఎవర్నీ నమ్మను, కానీ ఈయన్ని ఎలా మార్చాలి" అని అడిగాడు.

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు దీన్ని నిజానికీ అబద్ధానికీ మధ్య గొడవ అనుకుంటున్నావ్, అందుకే లింకు పెడితే తీరిపోతుందనుకున్నావ్, నాకు మాత్రం ముందు భయం కనిపిస్తోంది, ఆ తర్వాతే ఫోటో. మీ నాన్నగారు టీవీ చూడట్లేదు, ఇంటికి కాపలా కాస్తున్నారు. నిన్నటిదాకా ఆఫీసు, బాధ్యత, తన మాటకో విలువ ఉన్న మనిషి, ఇప్పుడు ఇంత ఘోరం జరిగితే తను చెయ్యగలిగింది ఏమీ లేదు, కనీసం ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉంటే, నలుగుర్నీ హెచ్చరిస్తే తన వంతు చేసినట్టు అనిపిస్తుంది. ఆ ఫార్వర్డ్ ఆయన దృష్టిలో అబద్ధం పంపడం కాదు, అందరి క్షేమం కోసం చేసిన పని. నువ్వు సరిగ్గా దాని మీద నవ్వావ్, అదీ చుట్టాల ముందు.

ఫోటో పెట్టడం తప్పు కాదని అనట్లేదు, చాలా పెద్ద తప్పు, దాని సంగతికి వస్తాను. కానీ ఆయన్ని ముందు కదపాల్సింది అక్కడ కాదు.

ఈ టీవీ పిచ్చి ఆయన ఒక్కడిదే అనుకోకు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అమెరికాలో కొందరు పరిశోధకులు వేలమందిని అడిగి చూశారు, ఆ వారంలో రోజుకి ఆరుగంటలూ అంతకన్నా ఎక్కువా ఆ వార్తలే చూసినవాళ్ళలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్ళకంటే కూడా ఎక్కువ కనిపించాయి. 2014లో అచ్చయింది అది. నువ్వు లాజిక్ మనిషివి కాబట్టి అడుగుతావ్, టీవీ వల్ల భయమా, భయపడేవాళ్ళే టీవీ ఎక్కువ చూస్తారా అని. రెండూనట. అదే బృందం 2016లో ఓర్లాండో నైట్‌క్లబ్ కాల్పుల దాకా ఆ మనుషుల్నే గమనిస్తే తేలిందేంటంటే, మొదటిసారి ఎక్కువ కలతపడ్డవాళ్ళు రెండోసారి ఇంకా ఎక్కువ చూశారు, చూసి ఇంకా కలతపడ్డారు, అలా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే "టీవీ కట్టెయ్యండి నాన్నా" అంటే ఆయనకి కోపం వస్తుంది, కాపలావాణ్ణి పడుకోమన్నట్టు ఉంటుంది మరి.

ఇప్పుడు నీ సంగతి. ఎవర్నీ నమ్మను అన్నావ్, రెండు పేరాలు కిందకి వస్తే ఇద్దరు యూట్యూబర్ల పేర్లు రాసి "వీళ్ళు మాత్రం నిజం చెప్తారు" అన్నావ్, రాత్రి రెండింటి దాకా కామెంట్లు చదువుతున్నానని కూడా నువ్వే రాశావ్. మరి నీకూ మీ నాన్నగారికీ తేడా స్క్రీన్ సైజే కదా! కోప్పడకు. పెద్ద ఛానళ్ళు తప్పుతాయి, నిజమే, అదే బోస్టన్‌లో బాంబులు పేలిన రెండ్రోజులకి అరెస్టు జరిగిపోయిందని సీఎన్ఎన్ చెప్పింది, అప్పటికి ఏ అరెస్టూ జరగలేదు. మర్నాడు న్యూయార్క్ పోస్ట్ ఇద్దరి ఫోటో మొదటి పేజీలో వేసి వీళ్ళకోసమే వెతుకుతున్నారన్నట్టు రాసింది, వాళ్ళకి ఏ సంబంధమూ లేదు. కానీ "మీడియాని నమ్మం, మేమే కనిపెడతాం" అని రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్లో కూర్చున్న మామూలు జనం చేసింది ఇంకా ఘోరం. దాడికి నెల ముందే కనపడకుండా పోయిన ఒక స్టూడెంట్‌ని పట్టుకుని వీడే బాంబు పెట్టాడన్నారు. ఆ ఇంట్లోవాళ్ళు అప్పటికే కొడుకు కోసం వెతుక్కుంటున్నారు, వాళ్ళకి తిట్లు, బెదిరింపులు. తర్వాత కొన్నాళ్ళకి ఆ అబ్బాయి శవం దొరికింది, దాడితో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ వాళ్ళు బహిరంగంగా క్షమాపణ చెప్పారనుకో, ఆ తల్లిదండ్రులకి దానివల్ల ఒరిగేదేముంది.

ప్రభుత్వాన్ని నమ్మాలా అంటావా, గుడ్డిగా అయితే వద్దు. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలి 190 మందికి పైగా పోయారు, అప్పటి స్పెయిన్ ప్రభుత్వం ఇది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏ పనే అని గట్టిగా పట్టుబట్టింది, ఆధారాలు వేరేవైపు చూపిస్తున్నా సరే. జనం రోడ్లమీదకొచ్చి మాకు నిజం చెప్పండి అని అరిచారు, మూడ్రోజుల తర్వాత ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. అలాగని వార్త ఆలస్యమైన ప్రతిసారీ ఏదో దాస్తున్నారని కాదు. 2008లో ముంబైలో దాడులు జరుగుతుండగా కమాండోలు ఎక్కడ దిగుతున్నారో మన ఛానళ్ళు లైవ్‌లో చూపించాయి, అవతల ఫోన్‌లో ఉగ్రవాదుల్ని నడిపిస్తున్నవాళ్ళు అదే టీవీ చూస్తూ ఉన్నారు. 2012 తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్ళని దీనిమీద గట్టిగానే మందలించింది, 2015లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి, ఆపరేషన్ నడుస్తుండగా లైవ్ చూపించకూడదు, అధికారి అప్పుడప్పుడు చెప్పేదే చెప్పాలి అని పెట్టారు. ఇక బ్రస్సెల్స్ వాళ్ళు అయితే ఇంకో రకం, 2015 నవంబర్‌లో ఉగ్రవాదుల కోసం గాలిస్తున్న పోలీసులు మా కదలికలు పోస్ట్ చెయ్యకండి బాబూ అంటే జనం ఆ గాలింపు హ్యాష్‌ట్యాగ్ నిండా పిల్లి ఫోటోలు పెట్టేశారు, పని అయ్యాక పోలీసులు థాంక్స్ అంటూ ఒక గిన్నెడు పిల్లి మేత ఫోటో పెట్టారు. ఎందుకు చెప్తున్నానంటే భయంలో ఉన్న జనం వెర్రెత్తిపోవాలనేం లేదు.

నువ్వు అడక్కపోయినా నా లెక్క చెప్తాను. దాడి జరిగిన మొదటి రెండు మూడ్రోజుల్లో ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నదాంట్లో ఎవరు ఏం చెప్పినా పచ్చి వార్తే. చనిపోయినవాళ్ళ లెక్క కూడా మారుతుంది, అది మోసం కాదు, ఆసుపత్రుల నుంచి లెక్కలు అలాగే వస్తాయి. "ఇంకా తెలీదు" అని ధైర్యంగా చెప్పేవాళ్ళని, నిన్న మేం చెప్పింది తప్పు అని చెప్పినచోటే దిద్దుకునేవాళ్ళని నేను కాస్త ఎక్కువ నమ్ముతాను. మీ యూట్యూబర్లు ఇద్దరూ ఎప్పుడైనా అలా దిద్దుకున్నారేమో చూడు. అసలు సంగతి నెలల తర్వాత ఛార్జిషీటులో, కోర్టులో బయటికొస్తుంది, అప్పటికి డిబేట్లు ఉండవు, తీరిగ్గా చదువుకోవచ్చు.

సరే, ఇప్పుడు ఏం చెయ్యాలి. ముందు చుట్టాల గ్రూపులో నువ్వు క్షమాపణ చెప్పు. ఫ్యాక్ట్‌చెక్ పెట్టినందుకు కాదు, అది ఉంచు. ఆ గోల్డ్ మెడల్ మాటకి. అవమానం పదిమందిలో జరిగింది కాబట్టి క్షమాపణ కూడా పదిమందిలోనే, అమ్మతో చెప్పించడం, గది గుమ్మం దగ్గర సారీ అని గొణగడం లాంటివి పనికిరావు. "నాన్నగారు మనందరి గురించి బెంగతో పంపారు, ఫోటో తప్పని చెప్పడం అవసరమే గానీ నేను మాట్లాడిన పద్ధతి బాలేదు" అని రెండు లైన్లు చాలు, ఎమోజీలు వద్దు. ఆయన గ్రూపులో లేరు కదా అంటావ్, మీ మేనత్త గంటలో ఫోన్ చేసి చెప్పేస్తుందిలే.

తర్వాత ఆయన పక్కన కూర్చో. టీవీ నడుస్తుంటే నడవనీ, మొదటిరోజు ఏమీ వాదించకు. "మీకు దేనికి భయంగా ఉంది నాన్నా" అని అడిగితే "నాకేం భయం" అంటారు, మగవాళ్ళందరూ అదే అంటారు, కాబట్టి అలా అడక్కు. "నేను రోజూ రైల్లో వెళ్తున్నా కదా, మీకేమనిపిస్తోంది" అని అడుగు, అప్పుడు వస్తుంది అసలు మాట. నాకైతే అనుమానం, ఆయన బెంగలో సగం నీ గురించే. ఆ మాట బయటికొచ్చాక టీవీ గురించి మాట్లాడొచ్చు, కట్టెయ్యమని కాదు, పొద్దున ఒక బులెటిన్, సాయంత్రం ఒక బులెటిన్, కావాలంటే నేనూ కూర్చుంటాను అని. నువ్వు కూడా ఏదో ఒకటి వదులుకోవాలి మరి, రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టెయ్. దాడి వీడియోలు మాత్రం ఇద్దరూ చూడొద్దు, ఎవరికీ పంపొద్దు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు లైవ్ పెట్టుకుని మరీ చంపాడు, మొదటి ఇరవై నాలుగ్గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల కాపీలు తీసెయ్యాల్సొచ్చింది, అన్ని కాపీలు పెట్టింది వాడు కాదు కదా. అక్కడి అప్పటి ప్రధాని జసిండా ఆర్డర్న్ అయితే వాడి పేరే పలకనని పార్లమెంటులో చెప్పింది.

ఇక ఆ ఫోటో. చుట్టాల గ్రూపులో నువ్వు దిద్దావ్, అపార్ట్‌మెంట్ గ్రూపులో అది ఇంకా అలాగే ఉంది, అక్కడ్నుంచి ఎన్ని గ్రూపులకి పోయిందో. ఇది పరువు సంగతి కాదు, ఎవరో కన్నబిడ్డ మొహం మీద హంతకుడని రాసి ఉంది. అక్కడ దిద్దాల్సింది ఆయనే, నువ్వు కాదు. "నేను పెట్టిన ఫోటో దాడికి సంబంధించింది కాదని తెలిసింది, దయచేసి ఎవరూ పంపకండి, పంపినవాళ్ళకి కూడా చెప్పండి" అని టైప్ చేసి ఇవ్వు, ఫోటో మళ్ళీ పెట్టొద్దు, చాలామంది బొమ్మ మాత్రమే చూసి మేటర్ వదిలేస్తారు. ఆయన ఒప్పుకోకపోతే రెండ్రోజులు కూడా ఆగకు, గ్రూప్ అడ్మిన్‌కి చెప్పి తీయించు. పెద్దాయన మనసు నొచ్చుకుంటుందని అక్కడ మొహమాటపడితే నేను ఒప్పుకోను.

ఫ్రెండ్ విషయంలో కూడా అంతే, అక్కడ తగ్గొద్దు. మిగతా అన్నిట్లో ఆయన భయాన్ని అర్థం చేసుకోమన్నాను, దీన్లో కూడా అర్థం చేసుకో గానీ ఒప్పుకోకు. 2011లో నార్వేలో 77 మందిని చంపిన రోజున కూడా మొదటి గంటల్లో చాలామంది నిపుణులు ఇది ఇస్లామిస్టుల పనే అనేశారు, తీరా చూస్తే చేసింది ఆ దేశంవాడే, ముస్లింల మీద ద్వేషంతో రగిలిపోయే నార్వే తెల్లవాడు. కానీ ఈ కథ చెప్పి మీ నాన్నగారితో వాదన గెలుద్దామనుకోకు, రేపు ఇంకో దాడిలో చేసినవాడు ముస్లిమే అయితే నీ వాదన కూలిపోతుంది, నీ ఫ్రెండ్ మాత్రం అప్పుడూ అతనే. చెప్పాల్సింది ఇంతే, "వీడు నిక్కర్లు వేసుకున్నప్పట్నుంచీ మీరు వీణ్ణి చూస్తున్నారు నాన్నా, టీవీలో మనిషిని చూసి వీణ్ణి గుమ్మం బయట నిలబెట్టలేను." అరవకుండా, అమ్మ వినేలా, ఒక్కసారి చెప్పు. రెండోసారి చెప్తే వాదన అవుతుంది.

ఆ అబ్బాయికి ఇవాళే ఫోన్ చెయ్యి. నాన్నగారు అన్న మాట మోసుకెళ్ళకు, అలాగని సాకులు కూడా చెప్పకు, నువ్వు కొన్నాళ్ళుగా పిలవట్లేదని అతనికి ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది, ఇలాంటి రోజుల్లో వాళ్ళకి ఆ లెక్క మనకన్నా ముందే తెలుస్తుంది. దాడి గురించి నువ్వేమనుకుంటున్నావ్ అని మాత్రం అడక్కు, నీ మంచితనం నిరూపించుకో అన్నట్టు ఉంటుంది. ఎలా ఉన్నావ్, ఆఫీసులో, బస్సులో ఎవరన్నా ఏమన్నా అంటున్నారా అని అడుగు, అతను చెప్పింది విను.

చివరగా, నాన్నగారికి నిద్ర సరిగ్గా పట్టట్లేదనీ చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతున్నారనీ రాశావ్. కొన్ని వారాల్లో చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, బయటికెళ్ళడమే మానేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. సైకియాట్రిస్ట్ అంటే రారు, మీ మామూలు డాక్టర్ దగ్గరికే బీపీ చెకప్ అని తీసుకెళ్ళు, నిద్ర సంగతి నాన్నగారి ముందే డాక్టర్‌కి నువ్వు చెప్పు, అవసరమైతే ఆ డాక్టరే పై డాక్టర్‌కి రాసిస్తారు. బీపీ కూడా నిజంగానే చూపించండి, ఇన్ని రోజుల డిబేట్ల తర్వాత అదెక్కడుందో ఎవరికి తెలుసు.