పది రోజులు పిన్ని ఇంట్లో, పన్నెండు వారాలు ల్యాబ్‌లో

ప్రశ్న: నమస్కారం ఆంటీ. నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక ల్యాబ్‌లో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. 2026 మే 18 సోమవారం చేరాలి. ఆగస్టు 7 శుక్రవారంతో అయిపోతుంది, మర్నాడే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరుగు విమానం. మా పిన్నీ బాబాయీ ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఓఫెన్‌బాఖ్‌లో ఉంటారు. ముందే వచ్చి పది రోజులు ఉండమంటే మే 8కి టికెట్ తీశాం. పిన్ని అప్పుడే ప్రోగ్రాం వేసేసింది. రైన్ నది మీద పడవ, హైడెల్‌బర్గ్ కోట, 14 నుంచి నాలుగు రోజులు పారిస్. ఆదివారం పారిస్ నుంచి రాగానే అటునుంచి అటే నేను డ్రెస్డెన్ రైలెక్కాలి. ఇంతవరకు ఇల్లు వదిలి ఒక్కదాన్నీ ఎక్కడా ఉండలేదు. తిరగడం ఇష్టమే, కానీ ఆ సోమవారం తలుచుకుంటే టెన్షన్. వద్దంటే పిన్ని ఏమనుకుంటుందో అని భయం. వీసా ఆగస్టు 20 వరకు ఉంది, 90 రోజులని కూడా రాశారు కాబట్టి దాంతో సమస్య లేదు. ఏం చెయ్యమంటారు?
— పేరు రాయవద్దన్న విద్యార్థిని

జవాబు: నా మేనకోడలి వయసుదానివి కాబట్టి నువ్వనే అంటాను. సమస్య లేదని నువ్వు రాసిన చోటే అసలు సమస్య ఉంది. పిన్ని సంగతి తర్వాత చూద్దాం, ముందు వీసా తీసి చూడు.

నీది షెంగెన్ వీసా, అంటే జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది. దాని స్టిక్కర్ మీద రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపల నువ్వు ఇక్కడ ఉండొచ్చు అన్నది. రెండోది, ఆ గడువులో మొత్తం ఎన్ని రోజులు ఉండొచ్చు అన్నది. ప్రయాణం కాస్త అటూ ఇటూ అయితే ఇబ్బంది పడకూడదని గడువును మామూలుగా పదిహేను రోజులు ఎక్కువగా ఇస్తారు. నీ ఆగస్టు 20 అలా వచ్చిందే. ఉండాల్సింది మాత్రం 90 రోజులే. దిగిన రోజూ లెక్కే, తిరిగి ఎక్కిన రోజూ లెక్కే. మే 8న దిగితే మేలో 24, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 8. మొత్తం 93. పది రోజులని మీ ఇంటిల్లిపాదీ అనుకున్నారు గానీ, కాన్సులేట్ వాళ్లు అనుకోలేదు.

మూడు రోజులే కదా, ఎవరు చూస్తారు అనొద్దు. 2025 అక్టోబరు 12న ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. సరిహద్దులో ఫొటో తీసుకుంటారు, వేలిముద్రలు సరిచూస్తారు, రోజులు కంప్యూటరే లెక్కపెడుతుంది. మురిసిపోతూ ఇంటికి వెళ్లే రోజున విమానాశ్రయంలో పక్కకి రమ్మంటే ఎలా ఉంటుందో ఊహించుకో. జరిమానా పడొచ్చు, ఆపైన వేసే వీసాలకు అది అడ్డం వస్తుంది. రేపు ఎంఎస్‌కి మళ్లీ ఈ దేశానికే అప్లై చేసేదానివేమో కూడా. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ప్రయాణం మే 12కి మార్పించుకో. అప్పుడు 89 రోజులవుతుంది, ఒక రోజు చేతిలో ఉంటుంది. టికెట్ మార్చినందుకు డబ్బు పోతుంది, పోనీ. ఇన్సూరెన్స్ కూడా చూడు. అది ల్యాబ్‌లో చేరే 18 నుంచి ఉంటే చాలదు, దిగే రోజు నుంచే ఉండాలి.

ఇక పిన్ని. నువ్వు నోరు తెరిచి వద్దనే పని లేకుండా తేదీలే సగం పని చేసిపెట్టాయి. రైన్ పడవా హైడెల్‌బర్గూ వాటంతటవే రాలిపోయాయి. పారిస్ మాత్రం నువ్వే ఆపాలి.

మీ పిన్ని ఆ తేదీలు ఎందుకు ఎంచుకుందో నాకు తెలుసు. మే 14 గురువారం ఏసు స్వర్గారోహణ పండగ, దేశమంతా సెలవు. 15 శుక్రవారం ఇక్కడివాళ్లు వంతెన రోజు అంటారు, ఆ ఒక్క రోజు లీవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. వాళ్లకు బాగానే ఉంది. నీకు? పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి రైల్లో నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డ్రెస్డెన్‌కి ఐసీఈ అనే వేగపు రైల్లో ఇంకో నాలుగున్నర గంటలు అటూ ఇటూ. నడుమ ఒక బండి ఆలస్యమైందంటే (అవుతుంది, జర్మన్ రైళ్ల గురించి సినిమాల్లో చూసింది మర్చిపో) అర్ధరాత్రి దాటాక దిగుతావు. ఆదివారం దుకాణాలన్నీ మూత, పెద్ద స్టేషన్లలో ఉండేవి తప్ప. హాస్టల్ గది తాళం ఇచ్చేది హౌస్‌మైస్టర్, అంటే ఆ బిల్డింగు చూసుకునే మనిషి. ఆయన ఆఫీసు వేళల్లోనే ఉంటాడు, ఆదివారం రాత్రి నీకోసం మేలుకుని కూర్చోడు. తెల్లారి ల్యాబ్‌కి పెట్టెతో సహా వెళ్తావా?

అందుకే నాదో సలహా. ఆ సెలవుల్లో మీ పిన్ని వాళ్లనే డ్రెస్డెన్‌కి బయల్దేరదియ్యి. "నా గది, నా ల్యాబు మీరు చూస్తే అమ్మకి ధైర్యంగా ఉంటుంది పిన్నీ" అను. ఈ మాటకి కాదనే పిన్నిని నేనింతవరకు చూడలేదు, పైగా అందులో అబద్ధమేం లేదు. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కూలిపోతే మళ్లీ కట్టి 2005లో తెరిచిన ఫ్రావెన్‌కిర్షె చర్చి అక్కడుంది. రఫాయెల్ వేసిన సిస్టీన్ మడోన్నా అక్కడి మ్యూజియంలోనే ఉంది. పిల్లలుంటే ఎస్1 లోకల్ రైలెక్కి రాథెన్‌లో దిగి, ఎల్బే నది పడవలో దాటితే బాస్టై రాతి వంతెనకి నడిచి ఎక్కొచ్చు. పారిస్ ఎక్కడికీ పోదు.

హౌస్‌మైస్టర్‌కి మాత్రం ఈరోజే మెయిల్ పెట్టు. 15న ఆయన కూడా లీవులో ఉండే అవకాశం ఎక్కువ. తాళం ఎవరి దగ్గర పెడతారో, ఏ వేళకి రావాలో రాసిమ్మని అడుగు. సోమవారం దాకా కుదరదంటే ఆదివారం రాత్రికి ప్రయాణికులు దిగే ఏదైనా హాస్టల్లో మంచం ముందే బుక్ చేసుకో, ల్యాబ్ వాళ్లకి ఆ పొద్దున గంట ఆలస్యమవుతుందని చెప్పు. ఇక్కడ ముందే చెప్పిన ఆలస్యాన్ని ఎవరూ తప్పుపట్టరు, చెప్పని పది నిమిషాలకి మొహం మాడుస్తారు. ఇంకోటి, గది దొరికాక పోస్టు డబ్బా మీద నీ పేరు ఉందో లేదో చూడు. ఇక్కడ ఫ్లాట్ నంబర్లు పెద్దగా ఉండవు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీది పేరు చూసే వేస్తాడు. బ్యాంకు కార్డు కోసం ఎదురుచూస్తూ ఏడ్చే పిల్లల్ని చూశాను, కార్డు మాత్రం పేరు కనబడక వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

ఓఫెన్‌బాఖ్‌లో నీకు మిగిలేవి రెండు రోజులు. దిగిన రోజు వాళ్లు ఎయిర్‌పోర్టుకి వస్తామంటే రానివ్వు, బీరాలు పోవద్దు. అయితే కారు వద్దని, ఎస్8 గానీ ఎస్9 గానీ ఎక్కి వెళ్దామని అడుగు. ఎయిర్‌పోర్టు నుంచి ఓఫెన్‌బాఖ్‌కి మారకుండా తీసుకెళ్తాయి. ఒకసారి చూస్తే మర్నాడు ఒక్కదానివే ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లి రావచ్చు. కచ్చితంగా వెళ్లు, వెంట ఎవర్నీ రానివ్వకు. మెషీన్ ముందు నిలబడి టికెట్ కొనడం, తప్పు వైపు బండి ఎక్కి దిగడం, ఇవన్నీ పిన్ని ఇంటి దగ్గర జరిగితే ఫోన్ చేస్తే సరిపోతుంది.

వేసవిలో మనకీ జర్మనీకీ తేడా మూడున్నర గంటలు. ఇంట్లో ఏడింటికి లేచేదానివైతే ఇక్కడ తెల్లవారుజాము మూడున్నరకి కళ్లు తెరుచుకుంటాయి. ఆరు దాకా చప్పుడు చెయ్యకు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దంగా ఉండాలన్నది ఇక్కడ ఇరుగుపొరుగు గట్టిగా పట్టుకునే విషయం, నీళ్ల చప్పుడుకి మాట పడేది మీ పిన్నికి. సాయంత్రం ఏడింటికే నిద్ర ముంచుకొస్తుంది. పడుకోకు. తొమ్మిది దాకా వెలుతురుంటుంది, బయటికి వెళ్లి నడువు. ఆ సాయంత్రపు వెలుగే ఒంటి గడియారాన్ని వెనక్కి జరుపుతుంది.

మీ అమ్మ తన చెల్లెలికి నెయ్యి, పాలకోవా పంపుతానంటుంది. వద్దను. బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ సామాన్లో తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, కస్టమ్స్ వాళ్లు తీసి చెత్తలో వేస్తారు. పిన్ని చేతిలో యూరోలు పెట్టడానికి కూడా ప్రయత్నించకు, బాధపడుతుంది. దానికి బదులు ఖాళీ సీసాలు తీసుకెళ్లి సూపర్‌మార్కెట్ మెషీన్లో వెయ్యి. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకీ, డబ్బాకీ 25 సెంట్లు వెనక్కిస్తారు. ప్రతి ఇంట్లోనూ ఆ సంచీ ఎవరో ఒకరు తీసుకెళ్తారని తలుపు వెనక ఎదురుచూస్తూ ఉంటుంది. చెత్త ఏ డబ్బాలో ఏది వెయ్యాలో అడిగి నేర్చుకుని ఆ పనీ నువ్వే చెయ్యి.

జూన్ నుంచి డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకో, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. ఐసీఈ లాంటి దూరపు రైళ్లు తప్ప ఊళ్లో ట్రాములు, బస్సులు, దేశంలో ప్రాంతీయ రైళ్లన్నీ ఎక్కొచ్చు. దానికి యూరో ఖాతా అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి మీ పిన్ని ఖాతా ఇస్తుంది. అది నెలనెలా దానంతటదే సాగుతుంది, ఆపాలంటే ఆ నెల 10వ తేదీ లోపల చెప్పాలి. ఆగస్టులో విమానం ఎక్కే ముందు ఆపకపోతే సెప్టెంబరు డబ్బు మీ పిన్ని ఖాతాలోంచి పోతుంది. ఆవిడ నీకు చెప్పదు, మీ అమ్మకి చెప్తుంది.

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. మా అక్క కొడుకు ఇంటర్న్‌షిప్‌కి వచ్చి నాలుగు రోజులైంది, వచ్చే వారం చేరాలి. భోజనానికి తప్ప గది దాటి రాడు. మేమిద్దరం ఆఫీసులకి పోతాం. అక్కకి చెప్పాలా? మావారు మొదటి రోజు తనే ఆఫీసుకి దింపుతానంటున్నారు.
— ఒక పిన్ని

జవాబు: అక్కకి ఇప్పుడే చెప్పకండి. మీరు ఒక మాట చెప్తే అక్కడ పది మాటలవుతాయి, ఆ పదీ రాత్రికి ఫోన్లో ఆ పిల్లాడికే తిరిగొస్తాయి. మీ ఇంట్లో ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలియక అలా కూర్చుని ఉంటాడని నా అనుమానం. అతనికి తాళం చెవి ఇచ్చారా? ఈ ప్రశ్న అడిగితే సగం మంది ఇవ్వలేదంటారు. ఇక్కడి తలుపులు లాగితే పడిపోతాయి, బయట చిక్కుకుపోతే తాళాలు తీసేవాణ్ని పిలిపించాలి, ఆ ఖర్చు తలుచుకుని పిల్లలు గడప దాటరు. చెవి చేతికిచ్చి, జేబులో పెట్టుకోకుండా చెత్త పారెయ్యడానికి కూడా వెళ్లొద్దని చెప్పండి.

"ఏమైనా కావాలా?" అని అడగడం మానేసి పని చెప్పండి. శనివారం మధ్యాహ్నం చీటీ రాసిచ్చి ఆదివారానికి కావలసిన సరుకులు తెమ్మనండి. తప్పు పాలు తెస్తే తెస్తాడు, ఆ పాలే తాగండి. వంట వస్తే ఒక పూట వంటగది వదిలెయ్యండి, మీరు పక్కన నిలబడకుండా.

మీవారు ఆఫీసుకి దింపొద్దు. చేరే రోజు కంటే ముందే ఒక పనిదినం పొద్దున, అదే వేళకి, అతన్నొక్కణ్నే ఆ దారిలో పంపండి. గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తే చాలు. మీ ఊళ్లో గీతల టికెట్ ఉంది కదా, స్ట్రైఫెన్‌కార్టే, దానికి ఎక్కే ముందు ముద్ర కొట్టాలని మాత్రం ఒకసారి చూపించండి. డబ్బు పెట్టి టికెట్ కొని కూడా ముద్ర లేక 60 యూరోలు కట్టడం అన్యాయంగా అనిపిస్తుంది, చెకింగ్ వాళ్లకి అనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి జర్మనీ వెళ్తోంది, మొదటి వారం బాబాయి ఇంట్లో ఉంటుంది. నోట్లు ఎన్ని ఇచ్చి పంపాలి? ఫారెక్స్ కార్డు చాలదా?
— ఒక తండ్రి

జవాబు: కార్డు చాలా చోట్ల పనిచేస్తుంది, అన్ని చోట్లా కాదు. కొన్ని చిన్న బేకరీలు, దుకాణాలు నోట్లు గానీ, ఇక్కడి బ్యాంకులిచ్చే గిరోకార్డు గానీ తప్ప ఇంకేదీ తీసుకోవు. నూటయాభై యూరోలు పదులూ ఇరవైలుగా ఇవ్వండి, వంద నోటు చూస్తే కౌంటర్లో మొహం చిట్లిస్తారు. కార్డులు రెండివ్వండి, రెండూ ఒకే పర్సులో పెట్టొద్దని చెప్పండి. బాబాయి దగ్గర అప్పు పుచ్చుకునే ఏర్పాటు మీరిద్దరూ ముందే మాట్లాడుకుంటే, అమ్మాయి అడగలేక పస్తుండే అవసరం రాదు.