చేతి మీద నాన్నమ్మ పేరు

చిరంజీవి సుమకు పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "బావగారూ, అది పుణేలో టాటూ వేయించుకుంటుందట, మీరైనా గడ్డి పెట్టండి" అంది. పెడదామనే అనుకున్నాను. ఏం బొమ్మ అని అడిగితే, "అత్తయ్యగారి పేరట" అంది. ఇంక నేనేం తిట్టను? మా అమ్మ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. ఆవిడ చెయ్యి బిగించి దాన్ని ఆడిస్తుంటే, నువ్వు దానికి పెరుగన్నం పెట్టేదానివి.

అయినా తెనాలిలో బోర్డులు రాసి బతికినవాణ్ని, అక్షరాల దగ్గర ఊరుకోలేను.

సూది ప్యాకెట్ నీ ఎదుటే చింపాలి. లేదంటే లేచి వచ్చెయ్, హెపటైటిస్‌తో ఆటలొద్దు. ఏటా రక్తం ఇస్తావుగా, ముందు అది ఇచ్చి వెళ్లు. తర్వాత 12 నెలలు తీసుకోరు.

మా వీధిలో నాతోపాటు బోర్డులు రాసే ఒకడు, పెళ్లైన కొత్తలో కోటప్పకొండ తిరునాళ్లలో పెళ్లాం పేరు పొడిపించుకున్నాడు. కృష్ణవేణి. వాచీ బెల్టు కింద దాగాలని బియ్యపు గింజంత అక్షరాలు అడిగాడట. మిషన్‌వాడికి తెలుగు రాదు, చీటీ చూసి గీశాడు. వట్రుసుడి ఎగిరిపోయింది, ణ ఒత్తు ట ఒత్తయింది. ఇంటికొచ్చి చూపిస్తే ఆవిడ కూడబలుక్కుని చదివింది: కష్టవేణి! వీడు తల బాదుకుంటుంటే, "నీతో కాపురం చేసేదాన్ని, సరిగ్గానే రాశాడులే" అందట. వీధంతా అదే పేరు. సిగ్గేసి మీద గులాబీ పొడిపించాడు. కిందున్న నలుపు కనపడకూడదంటే పైది ఇంకా పెద్దగా, ఇంకా ముదురుగా ఉండాలి కదా. చివరికి మణికట్టు మీద క్యాబేజీ మిగిలింది. పోయేదాకా నిండు చేతుల చొక్కాలే వేశాడు, మే నెలలో కూడా.

నీ ఆర్టిస్టుకూ తెలుగు రాదు, గుర్తుంచుకో. డిజైన్ చేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి పొల్లులు బయటపడతాయి. సుభద్రమ్మలో ద్ర ఉంది, మ్మ ఉంది, భ కింద గీత ఉంది. సిరా చర్మం లోపల ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పాకుతుంది, సన్నగీత లావెక్కుతుంది. సున్నాల్లాంటి మన అక్షరాల్లో ఖాళీ లేకపోతే పూడుకుపోతాయి. అందుకే అక్షరం అరంగుళానికి తగ్గొద్దు, ఒత్తుకు కింద విడిగా చోటుండాలి. ముత్యాలు, ఈకలు, నెమలి అంటూ చుట్టూ ఏం తగిలించకు. పేరు చాలు.

ఇంకోటి, నా భయం ఇదే. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష రాస్తానన్నావు. వాళ్లు పేరు ఒప్పుకుంటారు గానీ ఎడమ ముంజేతి లోపలివైపు, లేదా అరచేతి వెనక మాత్రమే. కుడి చెయ్యి సెల్యూట్ కొట్టే చెయ్యి. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతుకు తక్కువే ఉండాలి. మెడ మీద, భుజం మీద అన్నావంటే నేనే పుణే వస్తా.

పేరు నేనే బ్రష్‌తో రాసి కొరియర్ చేస్తున్నాను. మూడు సైజులు. స్టెన్సిల్ అంటించాక, సూది తగలకముందే ఫోటో పంపు. సెల్ఫీ వద్దు, కొన్ని ఫోన్లలో అక్షరాలు తిరగబడతాయి. నేను సరే అనేదాకా ఆపు. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో, పెదనాన్న ఒప్పుకున్నాడని నా మీదకి తోసేయకు.

మీ పెదనాన్న