అమిగా ఫ్లాపీలోంచి పాటలు తీయడం: యూఎస్‌బీ డ్రైవ్‌తో కాదు

అమిగా (పాత కమొడోర్ కంప్యూటర్) ఫ్లాపీని యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో పెడితే పీసీ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. వద్దనండి, డిస్క్ బాగానే ఉండొచ్చు. అమిగా ట్రాక్‌కి (డిస్క్ మీది ఒక్కో వలయానికి) 11 సెక్టార్లు (డేటా ముక్కలు) తనదైన పద్ధతిలో, మధ్యలో ఖాళీల్లేకుండా రాస్తుంది. యూఎస్‌బీ డ్రైవ్‌కి పీసీ పద్ధతి తప్ప తెలియదు.

34 పిన్నుల పాత ఫ్లాపీ డ్రైవ్, దాన్ని యూఎస్‌బీ ద్వారా పీసీకి కలిపే గ్రీజ్‌వీజిల్ బోర్డు కావాలి. డిస్క్ మీద పొరపాటున ఏమీ రాయకుండా ఆపే రైట్‌ప్రొటెక్ట్ కన్నం తెరిచి ఉంచండి. ట్రాక్‌కి 3 చుట్ల చొప్పున ఫ్లక్స్‌ని (డిస్క్ మీది ముడి అయస్కాంత సంకేతాన్ని) ఎస్‌సీపీ ఫైలుగా దాచాకే ఏడీఎఫ్‌కి (అమిగా డిస్క్ నకలు ఫైలుకి) మార్చండి. సైజు 9,01,120 బైట్లు వచ్చినంత మాత్రాన నమ్మొద్దు, చదవలేని సెక్టార్లూ ఆ లెక్కలో కలిసిపోతాయి. 1,760 సెక్టార్లూ దొరికాయా అన్నదే చూడండి. తగ్గితే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చదవండి.

గేమ్ డిస్కయి డైరెక్టరీ కనిపించకపోతే, ఆ ఏడీఎఫ్‌ని హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను నేరుగా చూపే ప్రోగ్రామ్‌లో) తెరిచి, ఎం, చుక్క, కె, చుక్క (ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో) అనే గుర్తు వెతకండి. దానికి 1,080 బైట్ల ముందు మాడ్ (అమిగా సంగీత ఫైలు రకం) పాట మొదలవుతుంది. కుదించి దాచిన పాటైతే మాత్రం ఇలా దొరకదు.